మేము, మనం: ఒక ఏడాది ముచ్చట

(గుంటూరులో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన ఒక సభలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకీ, తోటి ఉపాధ్యాయులకీ, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకీ నమస్కారం.

హాస్టల్ జీవితం గురించి మాట్లాడమన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను హాస్టల్ పిల్లల మధ్యే గడిపాను. రిటైరై ఇన్నేళ్లయినా పొద్దున్నే ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది. బెల్లు కొట్టే వేళయిందని లేచి కూర్చుంటాను. అన్నేళ్ల సంగతులూ ఈ కాస్త సమయంలో చెప్పడం కుదరదు. అందుకని ఒక్క ఏడాది గురించి చెబుతాను. 2004 జూలై నుంచి 2005 ఏప్రిల్ దాకా. ఆ ఏడాదికి ముందు నేను పిల్లలకి తెలుగు పాఠం చెప్పే మనిషిని. పిల్లలు కలిసి బతకడం ఎలా నేర్చుకుంటారో నాకు తెలిసింది మాత్రం ఆ ఏడాదే.

నేను పనిచేసింది నవోదయలో. తెలియని వాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. పల్లెటూరి పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, ఒకచోట ఉంచి చదివించాలన్న ఆలోచన అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో పి.వి. నరసింహారావు గారి కాలంలో మొదలైంది. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. మరుసటి ఏడాది మన తాడికొండకీ ఒకటి వచ్చింది. తాడికొండలో చదువుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. అదే పీవీ గారు ఢిల్లీలో విద్యాశాఖ చూస్తున్నప్పుడు, 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయలు దేశమంతా వచ్చాయి. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. తమిళనాడులో మాత్రం హిందీ పేచీ వల్ల పెట్టనివ్వలేదు.

నవోదయలో ఒక పద్ధతి ఉంది. మైగ్రేషన్ అంటాం. తొమ్మిదో తరగతిలో నూటికి ముప్పై మందిని ఏడాది పాటు వేరే భాషవాళ్ల రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు. మన పిల్లలు హిందీ ప్రాంతానికి, అక్కడి పిల్లలు ఇక్కడికి. క్లాసులో 80 మంది ఉంటే 24 మంది వెళ్లాలి, 24 మంది రావాలి. కాగితం మీద చూస్తే లెక్క సరిపోతుంది. విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే అలా ఉండదు. పద్నాలుగేళ్ల పిల్లాడు ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంటాడు. వాళ్లమ్మ పెట్టె తాళం సరిగ్గా పడిందా లేదా అని నాలుగోసారి చూస్తుంటుంది. మిరప తోట వేసే రైతు ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "మూడు పూటలా అన్నం తినేవాడండీ మావాడు, రొట్టెలతో ఎట్టా బతుకుతాడు మేడం?" అని అడిగాడు. ఆయనకి ఏం చెప్పానో గుర్తులేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని మాత్రం గుర్తుంది.

ఆ 24 మందిలో బాపట్ల వైపు సముద్రం ఒడ్డు పల్లె పిల్లాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్న వేటకి వెళ్తాడు. వాళ్లమ్మ ఎండు రొయ్యల పొడి ఒక డబ్బాలో పోసి, మూతకి గుడ్డ కట్టి ఇచ్చింది. ఈ పిల్లాడిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

అటునుంచి వచ్చిన పిల్లలు రాత్రి పూట దిగారు. రెండు రాత్రుల ప్రయాణం. బస్సు కృష్ణ వారధి ఎక్కేసరికి సగం మంది నిద్రలో తూలుతున్నారు. వాళ్లలో తొమ్మిది మంది ఆడపిల్లలు. నేను సీనియర్ అమ్మాయిల హౌస్ మిస్ట్రెస్‌ని కాబట్టి ఆ తొమ్మిది మందీ నా దగ్గరికే వచ్చారు. నవోదయలో హౌస్‌లకి కొండల పేర్లు పెడతారు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. ఉదయగిరి అంటే మన పిల్లలు నెల్లూరు జిల్లా కోట అనుకునేవాళ్లు. నేనూ కాదనేదాన్ని కాదు.

నేను చేసిన మొదటి పని, తొమ్మిది మందికీ డార్మిటరీలో ఒకే మూల వరసగా మంచాలు వేయించడం. మెస్సులో కూడా ఒకే వరసలో కూర్చోబెట్టాను. కొత్త చోటు, కొత్త భాష, వాళ్లలో వాళ్లు కలిసి ఉంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. అది నా తప్పు. ఎందుకు తప్పో చెబుతాను.

ఆ తొమ్మిది మందిలో ఒక పిల్ల సరిగ్గా తినడం లేదని మేట్రన్ చెప్పింది. రెండు గరిటెల అన్నం తిని లేచిపోతోంది. నేను వెళ్లి చూశాను. నిజమే. అన్నం అలవాటు లేదు, మన పులుపూ కారమూ పడటం లేదు, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. వారం గడిచింది. పిల్ల మొహం పీక్కుపోయింది. ప్రేయర్‌లో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది.

సంగతి కనిపెట్టింది నేను కాదు, డాక్టరూ కాదు. వడ్డన డ్యూటీలో ఉన్న ఏడో తరగతి పిల్ల. రెండు గరిటెలు వేసి, మన అలవాటు ప్రకారం "చాలా?" అని అడిగేదట. ఈ పిల్ల ప్రతిసారీ గట్టిగా తల ఊపేదట. సరే, చాలంట అని వాళ్లు ముందుకి వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు తల ఊపాక కూడా కంచం అలాగే ఎత్తి పట్టుకుని ఉండటం ఈ చిన్నపిల్ల చూసింది. పరిగెత్తుకుంటూ వచ్చి, "మేడం, అక్కకి ఇంకా కావాలేమో" అంది.

పిలిచి అడిగితే తేలిందేమిటంటే, వాళ్ల స్కూల్లో ఇక్కడికి బయల్దేరే ముందు కొంత తెలుగు నేర్పారు. చాలా అంటే "బహుత్" అని నేర్చుకుంది. అది తప్పు కాదు కదా! చాలా మంది, చాలా దూరం, చాలా బాగుంది. కాబట్టి "చాలా?" అంటే "బాగా వెయ్యమంటావా?" అని అడుగుతున్నారనుకుంది. ఆకలి మీద ఉన్న పిల్ల, గట్టిగా అవునని తల ఊపింది. గరిటె వెళ్లిపోయింది. ఏడు రోజులు. అడగడానికి సిగ్గు. పక్కన ఉన్న ఎనిమిది మందికీ అంతే తెలుగు వచ్చు, వాళ్లెవరూ విడమర్చి చెప్పలేరు. మన పిల్ల ఒక్కతి పక్కన కూర్చుని ఉంటే మొదటి పూటే తేలిపోయేది. ముప్పై మంది పిల్లలకి ఆ మాట నేర్పిన దాన్ని, నా కళ్లెదుటే ఒక పిల్ల ఆ మాట వల్ల పస్తుంటే పోల్చుకోలేకపోయాను. ఇప్పటికీ ఎవరికైనా వడ్డించేటప్పుడు "చాలా" అని అడగను. "ఇంకా వెయ్యనా" అంటాను.

ఆ రాత్రే వరసలు మార్చాం. మెస్సులో అటు పిల్ల, ఇటు పిల్ల. మంచాలు కూడా అంతే.

దాంతో అంతా సర్దుకుందని చెబితే అబద్ధం. అసలు గొడవలు అప్పుడే మొదలయ్యాయి. దూరంగా ఉన్నన్నాళ్లూ ఒకళ్ల జోలికి ఒకళ్లు పోలేదు. పక్కపక్క మంచాలు పడేసరికి బకెట్ల దగ్గర, బట్టలారేసే తాడు దగ్గర, బాత్రూం లైన్లో కొట్టుకున్నారు. వాళ్లు తలకి ఆవనూనె రాసుకునేవాళ్లు. ఆ వాసనకి మన పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. మన కొబ్బరినూనె వాసన వాళ్లకి పడలేదు. పెరుగులో పంచదార వేసుకుంటారని మనవాళ్లు నవ్వితే, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటారని వాళ్లు నవ్వారు. ఒక బకెట్ తగాదా నాలుగు రోజులు నడిచింది. ఎవరి బకెట్ ఎవరు తీశారో తేల్చమని నా దగ్గరికి వచ్చారు. నేను తేల్చలేదు. ఇద్దరికీ కలిపి ఒకే బకెట్ ఇచ్చి, నెలాఖరు దాకా అదే వాడుకోమన్నాను. ఆ ఇద్దరూ ఆ నెలంతా నన్ను తిట్టుకుని ఉంటారు. తిట్టుకోవడానికైనా ఇద్దరూ కలిశారు. పెద్దవాళ్లం తొందరపడి తీర్పులు చెప్పేస్తాం. పిల్లల్ని కొంచెం గొడవపడనివ్వాలి, దెబ్బలు తగలకుండా చూసుకుంటూ.

పుష్కరాలు కూడా ఆ ఏడాదే. ఆగస్టు చివర మొదలై పన్నెండు రోజులు. బృహస్పతి కన్యారాశిలోకి వస్తే కృష్ణకి పుష్కరాలని వాళ్లకి చెప్పాను. సీతానగరం ఘాట్‌కి తీసుకెళ్లాం. జనాన్ని చూసి వాళ్లకి వాళ్ల కుంభమేళా గుర్తొచ్చింది. తినని పిల్ల అన్నానే, ఆ పిల్ల ఒక సీసాలో కృష్ణ నీళ్లు పట్టుకుని ట్రంకు పెట్టె అడుగున దాచుకుంది.

ఆ పుష్కరాల దగ్గరే ఒక తగాదా వచ్చింది. అది నాకు బాగా అక్కరకొచ్చిన తగాదా. ఆ పిల్ల తన పక్క మంచం గుంటూరు పిల్లతో, "రేపు మేము పుష్కరాలకు వెళ్తాం" అంది. రెండో పిల్ల మొహం మాడ్చుకుంది. "అంటే నన్ను వదిలేసి వెళ్తారా?" అని. అలా అన్న పిల్లకి ఏం జరిగిందో అర్థం కాలేదు. హిందీలో "హమ్" ఒక్కటే. ఎదుటి మనిషిని కలుపుకున్నా హమ్, కలుపుకోకపోయినా హమ్. మన భాషలో అది రెండుగా ఉంది. మేము అంటే నువ్వు లేవు. మనం అంటే నువ్వూ ఉన్నావు. మనకి ఊహ తెలియకముందే నాలుక మీదికి వచ్చేసిన తేడా అది. ఏనాడూ దాని గురించి ఆలోచించం. ఆ పిల్లలకి నేర్పేటప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరు లోపల, ఎవరు బయట అని చెప్పాల్సిన భాష మనది.

అటు తప్పు చేయడానికి భయపడి ఇటు తప్పు చేసేవాళ్లు. రాత్రి రోల్‌కాల్ అయ్యాక, "మేడం, మనం పడుకుంటాం, లైటు తీసేయండి" అనేవాళ్లు. డార్మిటరీ అంతా పకపకా నవ్వేది. ఇంకోటి, హిందీలో నిన్నకీ రేపటికీ "కల్" అనే ఒక్క మాటే. అందుకని "రేపు ఉత్తరం వచ్చింది" అనేవాళ్లు. ఇంటి ఉత్తరం కోసం ఎదురుచూసే పిల్ల నోట ఆ మాట వింటే దిద్దబుద్ధి కాలేదు నాకు. "వెళ్తున్నాను" అని ఆడపిల్లా మగపిల్లాడూ ఒకేలాగా అనొచ్చంటే వాళ్లకి భలే సంతోషం వేసింది. వాళ్ల భాషలో అలా కుదరదు. ఆ వెంటనే ఒక పిల్ల లేచి, "మరి ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది, రెండూ ఒకటేనా మేడం?" అని అడిగింది. వ్యాకరణం చెప్పాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. గౌరవంగా "అమ్మ వచ్చారు" అనొచ్చని చెబితే అప్పుడు కూర్చుంది. ఆ ఏడాదంతా ఆ పిల్ల తోటి ఆడపిల్లలందరినీ "వచ్చారు, వెళ్లారు" అనే అనేది. నేను దిద్దలేదు.

దసరా సెలవులయ్యాక అక్టోబరు చివర్లో అట్లతద్ది వచ్చింది. తెల్లవారకముందే లేచి అన్నం తిని ఉయ్యాలలూగడం మన పిల్లలకి సరదా. మెస్సులో గోంగూర పచ్చడీ పెరుగన్నమూ పెట్టించాం. చంద్రుణ్ని చూసి అట్లు తినాలని చెబుతుంటే, ఆ హిందీ పిల్లలు గొల్లుమన్నారు. వాళ్ల అమ్మలు మర్నాడే కర్వా చౌథ్ ఉపవాసం ఉంటారట. వాళ్లూ చంద్రుణ్ని చూశాకే తింటారట. మనకది ఆశ్వయుజ బహుళ తదియ, వాళ్లకి ఆ మర్నాటి చవితి. మన లెక్కలో ఇంకా ఆశ్వయుజం, పున్నమితో నెల మార్చే వాళ్ల లెక్కలో అప్పటికే కార్తీకం. చంద్రుడు ఒకడే. ఆ ఏడు మా హాస్టల్లో ఉయ్యాలలు రెండు రోజులు ఊగాయి.

ఇక్కడ ఒక్కమాట చెప్పనివ్వండి. మన విజయవాడ, గుంటూరుల్లో రెసిడెన్షియల్ అనే బోర్డులకి కొదవలేదు. పిల్లల్ని చేర్చేటప్పుడు ర్యాంకులు అడుగుతాం, మెస్ మెనూ అడుగుతాం, ఫీజు వాయిదాలు అడుగుతాం. పొద్దున్న నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు ఉన్నాయంటే సంతోషిస్తాం. ఏడాది పాటు ఒకే గదిలో ఉన్న పిల్లకి పక్క మంచం పిల్లది ఏ ఊరో తెలియని హాస్టళ్లు నేను చూశాను. ఆ పిల్లల టెన్షన్ ఎవరితో చెప్పుకుంటారు? అమ్మకి ఫోన్ చేసే రోజు దాకా దాచుకోవాలా? ఈసారి చేర్చడానికి వెళ్తే ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి. మా పిల్ల ఎవరి పక్కన కూర్చుని తింటుంది? దానికి జవాబు చెప్పగలిగిన వార్డెన్ ఉంటే ధైర్యంగా వదిలిరండి.

సరే, డిసెంబరుకి వస్తాను.

26వ తేదీ, ఆదివారం. పొద్దున్న సునామీ వచ్చింది. మన రాష్ట్రం తీరంలోనే వంద మందికి పైగా పోయారు. మా ఆఫీసులో ఉన్న ఒక్క ఫోనూ మోగుతూనే ఉంది. ఉత్తరాది తల్లిదండ్రులకి గుంటూరు సముద్రానికి ఎంత దూరమో తెలియదు. టీవీలో ఆంధ్రా తీరం అని విన్నారు, అంతే. తొమ్మిది మంది పిల్లల్నీ ఒక్కొక్కళ్లనీ పిలిచి మాట్లాడించాను.

ఆ గోలలో నాకు చాలాసేపటిదాకా తట్టలేదు. మన పిల్లాడొకడు అక్కడున్నాడు. అతని ఇల్లు నిజంగానే సముద్రం ఒడ్డున ఉంది.

అక్కడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆ నవోదయలో నెలాఖరు ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. టీవీ గదిలో ఈ పిల్లాడు కూర్చుని ఉన్నాడు. ఎవరు పలకరించినా పలకడం లేదు. తినని పిల్ల అన్నానే, ఆ పిల్ల తమ్ముడు అక్కడే ఆరో తరగతి. కొడుకుని చూడటానికి వచ్చిన ఆ తండ్రి ఈ పిల్లాణ్ని చూశాడు. పరిచయం లేదు, భాష రాదు. పక్కన కూర్చున్నాడు. సాయంత్రం తల్లిదండ్రులంతా వెళ్లిపోయినా ఆయన వెళ్లలేదు. ప్రిన్సిపాల్‌ని అడిగి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ మా సార్ ఒకాయన మోటార్ సైకిల్ వేసుకుని ఆ పల్లెకి వెళ్లి, అమ్మానాన్నా క్షేమం, పడవా వలలూ పోయాయని చూసొచ్చి ఫోన్ చేసింది మర్నాడు మధ్యాహ్నం. అప్పటిదాకా ఆ తండ్రి కదల్లేదు. ఆ కబురు విన్నాకే పిల్లాడు అన్నం ముట్టాడట. అంటే, రొట్టె.

పది రోజులకి ఆ పిల్లకి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. క్లాసులో చదువుతానంది. హిందీలో చదివింది. మన పిల్లల కోసం నేను బోర్డు మీద తెలుగు రాస్తూ వచ్చాను. చివర్లో ఒక వాక్యం ఉంది. "హమారే బచ్చే" అక్కడా ఇక్కడా క్షేమంగా ఉండాలని. సుద్దముక్క అక్కడ ఆగింది. మా పిల్లలు అని రాయాలా, మన పిల్లలు అని రాయాలా? ఆయన భాషలో రెండూ ఒకటే. వెనక్కి తిరిగి క్లాసుని అడిగాను. వాదన నడిచింది. ఉత్తరం రాసింది కూతురికి కాబట్టి "మన" అని ఒకళ్లు, కాదు, ఆయన సంగతి ఆయన చెబుతున్నాడు కాబట్టి "మా" అని ఒకళ్లు. ఆ పిల్ల లేచి, ఏమీ మాట్లాడకుండా బోర్డు దగ్గరికి వచ్చి "మన" అని రాసి వెళ్లి కూర్చుంది. ముందు న తప్పు రాసి చెరిపింది. ఆ మరక చాలా రోజులు బోర్డు మీద ఉంది.

తర్వాత నెలలు ఇట్టే గడిచాయి. మార్చిలో గుంటూరు వస్తుంటే కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండటం చూసి, ఏదైనా పెళ్లా అని అడిగారు. వాళ్ల వైపు పెళ్లంటే ఎరుపే. మిర్చి యార్డు దగ్గరికి వచ్చేసరికి అందరూ తుమ్ములు.

ఏప్రిల్‌లో వాళ్లని దిగబెట్టి, మన పిల్లల్ని తీసుకురావడానికి నేనే వెళ్లాను. రెండు రాత్రులు. ఆ పిల్ల ట్రంకు పెట్టెలో గోంగూర పచ్చడి సీసా ఒకటి, కృష్ణ నీళ్ల సీసా ఒకటి. తలకి కొబ్బరినూనె. స్కూలు గేటు దగ్గర మనవాళ్లు 24 మందీ వరసగా నిలబడి ఉన్నారు. బాపట్ల పిల్లాడు ఒక చెయ్యి పొడవు ఎదిగాడు. వాడి పక్కన, భుజం మీద తువ్వాలుతో ఒకాయన. ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ పిల్ల తండ్రికి నన్ను చూపించి, "యే హమారీ మేడం హై" అంది. ఆయన చేతులు జోడించి ఏదో గబగబా చెప్పాడు. నా హిందీకి అందలేదు. పిల్ల వైపు చూశాను. ఒక్క క్షణం ఆలోచించుకుని, ఒక్క తప్పు లేకుండా తెలుగులో చెప్పింది.

"మేడం, మనం మా ఇంటికి వెళ్దాం. మీకోసం మా నాన్న అన్నం వండించారు."